దృశ్యప్రవాహం

పాఠ్యాంశ పరిచయం

ప్రక్రియ: వ్యాసం. శాస్త్రవిషయాన్ని సామాన్య పాఠకునికి బోధపడే భాషలో క్రమపద్ధతిలో వివరించే రచనను వైజ్ఞానిక వ్యాసం అంటారు. అంతర్జాలంలో ప్రవహించే వీడియో స్వభావాన్ని కృష్ణా డెల్టా కాలువల పరిభాషలో వివరించడం ఈ వ్యాసంలోని విశేషం.

ఉద్దేశం: ఒక ప్రవాహాన్ని దాని సగటుతో మాత్రమే కొలిస్తే ఎంత పొరపాటు జరుగుతుందో తెలియజేయడం; పరిమితమైన వనరును పలువురు పంచుకొనేటప్పుడు పాటించవలసిన మర్యాదను గుర్తుచేయడం.

పాఠం

కాలువ నేర్పిన లెక్క

కృష్ణా జిల్లాలోని గుడివాడ, నందివాడ ప్రాంతాల రైతుకు ప్రవాహం గురించి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. విజయవాడ వద్ద కృష్ణానదిపై 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో ప్రారంభమైన ప్రకాశం బ్యారేజీ ఈ డెల్టాకు జీవగర్రలు. బ్యారేజీ వద్ద నుంచి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ వంటివి తూర్పు డెల్టాకు నీరు మోసుకొస్తాయి. పెద్ద కాలువ నుంచి చిన్న కాలువకు, చిన్న కాలువ నుంచి బోదెకు, బోదె నుంచి మడికి నీరు చేరుతుంది. ఎగువ రైతులందరూ ఒక్కసారే తూములెత్తితే శివారు భూములకు నీరందదు. అందుకే వంతుల విధానం వచ్చింది.

అదే నేలకు మరో అనుభవమూ ఉన్నది. బుడమేరు ఏడాదిలో ఎక్కువకాలం సన్నగా పారే వాగు. వాన ముదిరితే అదే వాగు కట్టలు తెంచుకొంటుంది. 2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ నగరంలో అనేక ప్రాంతాలను ముంచెత్తింది. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బుడమేరు ఏడాది సగటు ప్రవాహాన్ని చూసి కట్ట కట్టినవాడు ఆ రోజున నిలువలేడు. కట్టను పరీక్షించేది సగటు కాదు, ఉద్ధృతి.

ఈ రెండు అనుభవాలూ, అంటే వంతు, వరద అనేవి, నేడు మరొక ప్రవాహానికీ వర్తిస్తున్నాయి. అది అంతర్జాలంలో సాగే దృశ్యప్రవాహం. ప్రపంచంలో అంతర్జాలం మోసే బరువులో అత్యధిక భాగం వీడియోదే. పాఠం, చలనచిత్రం, క్రికెట్ పోటీ, దూరదేశంలో ఉన్న బిడ్డతో తల్లి మాట్లాడే మాట అన్నీ ఆ తీగలోనే పారుతున్నాయి. ఆ ప్రవాహం ఎలా పుడుతుంది, రద్దీలో ఎలా ప్రవర్తిస్తుంది అన్నది తెలుసుకొనదగిన విషయం.

బొమ్మ బరువు

కంప్యూటర్‌కు బొమ్మ అంటే చుక్కల ముగ్గు. హైడెఫినిషన్ బొమ్మలో అడ్డంగా 1,920 చుక్కలు, నిలువుగా 1,080 వరుసలు ఉంటాయి. మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగును తెలపడానికి 24 బిట్లు కావాలి. కదలిక కనిపించాలంటే సెకనుకు 25 బొమ్మలు చూపాలి. ఈ మూడింటినీ గుణిస్తే సెకనుకు సుమారు 124 కోట్ల బిట్లు అవుతాయి. ఒక్క ఇంటికి ఒక్క వీడియోను ఇలా యథాతథంగా పంపవలసి వస్తే ఏ పల్లెకు వేసిన తీగా చాలదు. ఆచరణలో అదే వీడియోను సెకనుకు 50 లక్షల బిట్లతో చూడదగిన నాణ్యతలో పంపుతున్నారు. అంటే బరువు దాదాపు 250వ వంతుకు దిగింది. ఈ పనినే కుదింపు లేదా సంపీడనం అంటారు.

తెలుగు విద్యార్థికి కుదింపు కొత్త కాదు. ‘రాముని యొక్క బాణం’ అనే మూడు పదాలను ‘రామబాణం’ అని ఒక్క పదంగా చేయడం సమాసం. విన్నవాడు దానిని మనసులో విగ్రహవాక్యంగా విప్పుకొంటాడు. వీడియోను పంపేచోట సమాసం, చూసేచోట విగ్రహవాక్యం జరుగుతున్నాయని భావించవచ్చు. అయితే ఒక భేదం ఉన్నది. సమాసాన్ని విప్పినప్పుడు అర్థం చెడదు. వీడియో కుదింపులో కంటికి పట్టని వివరాలను కొన్నింటిని వదలివేస్తారు. అవి తిరిగి రావు.

ఈ విద్యకు ఆధారమైన గణితాల్లో ముఖ్యమైనది వివిక్త కొసైన్ పరివర్తన. నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు అనే ముగ్గురు 1974 జనవరిలో దీనిని ఒక పరిశోధన వ్యాసంగా ప్రకటించారు. వీరిలో కె.ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో దశాబ్దాలపాటు బోధించిన ఆయన 2021లో కన్నుమూశారు. బొమ్మను చిన్న చిన్న గడులుగా కోసి, ఒక్కొక్క గడిలో రంగు ఎంత నిదానంగా, ఎంత వడిగా మారుతున్నదో సంఖ్యలుగా మార్చడం ఈ పద్ధతి. నీలాకాశం వంటి సమతలమైన గడికి రెండు మూడు సంఖ్యలు చాలు. వరికంకుల చేను వంటి గడికి ఎక్కువ సంఖ్యలు కావాలి. ఛాయాచిత్రాలను దాచే జేపెగ్, వీడియోను కుదించే ఎంపెగ్ ప్రమాణాలు ఈ గణితం పునాదిమీదనే నిలిచాయి.

కదిలేదాన్నే పంపడం

తోలుబొమ్మలాటలో తెర కదలదు, దీపం కదలదు, బొమ్మ కదులుతుంది. ఆటను దూరాన ఉన్నవానికి వర్ణించి చెప్పేవాడు క్షణక్షణానికీ తెరను వర్ణించడు. బొమ్మ ఎటు కదిలిందో చెప్తాడు. వీడియో కుదింపులోని రెండో ఉపాయం ఇదే.

ఇందుకోసం బొమ్మలను మూడు తరగతులు చేశారు. మొదటిది సంపూర్ణ చిత్రం. దానిని విప్పడానికి మరో బొమ్మ సహాయం అక్కరలేదు. దీనిని ఐ-ఫ్రేమ్ అంటారు. రెండోది అనుసరణ చిత్రం, అంటే పీ-ఫ్రేమ్. వెనుకటి బొమ్మతో పోల్చి మారిన అంశాలను మాత్రమే ఇది చెప్తుంది. మూడోది ఉభయాశ్రిత చిత్రం, అంటే బీ-ఫ్రేమ్. వెనుకటి బొమ్మనూ, రాబోయే బొమ్మనూ ఆధారం చేసుకొంటుంది గనుక అన్నింటికంటె తేలిక. సంపూర్ణ చిత్రం తక్కిన రెండింటికంటె అనేక రెట్లు బరువు. ఎంపెగ్ ప్రసారాల్లో 12 లేదా 15 బొమ్మలకొక సంపూర్ణ చిత్రాన్ని ఉంచడం పరిపాటి.

దీనివల్ల ప్రవాహం ఒకే తీరుగా ఉండదు. కృష్ణా జిల్లాలోని మొవ్వ మండలంలోనే ఉన్న కూచిపూడి గ్రామం నుంచి ఒక నృత్యాన్ని ప్రసారం చేస్తున్నారనుకొందాం. నర్తకి నిలకడగా నిలిచి కన్నులతో అభినయిస్తున్నంతసేపు బొమ్మకూ బొమ్మకూ భేదం స్వల్పం, బిట్లు తక్కువ. ఇత్తడి పళ్ళెం అంచులపై నిలిచి తరంగం ఆడేటప్పుడు ప్రతి బొమ్మా కొత్తదే. బిట్లు అనేక రెట్లు పెరుగుతాయి. ప్రసారకుడు ఒక దృశ్యం నుంచి మరో దృశ్యానికి మారినప్పుడు వెనుకటి బొమ్మతో పోలికే ఉండదు. ఒక్కసారి ఉప్పెన వస్తుంది. నాణ్యతను ఒకే స్థాయిలో నిలిపితే ప్రవాహం మారుతూ ఉంటుంది. ప్రవాహాన్ని ఒకే స్థాయిలో నిలిపితే నాణ్యత మారుతూ ఉంటుంది. ఈ రెండింటిలో ఏదో ఒకదానిని ఎంచుకొనక తప్పదు.

మూటలు, వరుసలు

అంతర్జాలంలో సమాచారం కాలువ నీటివలె తెగకుండా పారదు. దానిని ప్యాకెట్లు అనే చిన్న మూటలుగా కట్టి పంపుతారు. దారిలోని ప్రతి కూడలిలో రౌటర్ అనే యంత్రం ఉంటుంది. అది మూటపై ఉన్న చిరునామా చూసి ముందుకు పంపుతుంది. వచ్చే మూటలు పోయే మూటలకంటె ఎక్కువైతే మిగిలినవి వరుసలో వేచి ఉంటాయి. ఆ వేచి ఉండే చోటును బఫర్ అంటారు; కాలువ పక్కన చెరువు వంటిది. చెరువు నిండిన తరువాత వచ్చిన మూటను రౌటర్ పారవేస్తుంది.

పారవేసిన మూట ఏదన్నది ముఖ్యం. ఉభయాశ్రిత చిత్రానికి చెందిన మూట పోతే సెకనులో 25వ వంతు కాలం బొమ్మ చెదరుతుంది, కన్ను పట్టుకొనకపోవచ్చు. సంపూర్ణ చిత్రపు మూట పోతే, దానిని ఆధారం చేసుకొన్న బొమ్మలన్నీ, మరో సంపూర్ణ చిత్రం వచ్చేదాకా చెడిపోతాయి. ముఖాలు గడులు గడులుగా విరిగి కనిపించడానికి కారణం ఇదే. పోయిన మూటను తిరిగి తెప్పించుకొనే పద్ధతిలో అయితే బొమ్మ చెడదు; అది వచ్చేవరకు ఆట ఆగుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ దారిని ఇంటింటికీ చేర్చే ప్రయత్నాల్లో ఫైబర్‌నెట్ పథకం ప్రధానమైనది. విద్యుత్ స్తంభాల మీదుగా గాజుతీగను లాగి, టెలివిజన్, టెలిఫోన్, అంతర్జాలం మూడింటినీ ఒకే తీగలో అందించే ఈ పథకాన్ని 2017 డిసెంబర్ 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. సెకనుకు 15 మెగాబిట్ల వేగంతో కూడిన తొలి పథకం ధరను నెలకు 149 రూపాయలుగా ప్రకటించారు. గాజుతీగ ఎంత విశాలమైనదైనా అది అనేకుల ఉమ్మడి సొత్తు. ఇంటి వద్ద తూము ఎంత పెద్దదైనా ఊరి కాలువలో నీరున్నంతవరకే అది పారుతుంది.

సగటు చేసే మోసం

ఒక వీధిలో పది ఇళ్ళు ఒకే తీగను పంచుకొంటున్నాయనుకొందాం. తీగ శక్తి సెకనుకు 3 కోట్ల బిట్లు. ప్రతి ఇంటిలోనూ ఒక వీడియో నడుస్తున్నది. దృశ్యం నెమ్మదిగా ఉన్నప్పుడు ఒక్కొక్క ఇంటికి 10 లక్షల బిట్లు, వడిగా ఉన్నప్పుడు 60 లక్షల బిట్లు కావాలి. వడి దృశ్యాలు కాలంలో అయిదోవంతు మాత్రమే. అప్పుడు ఇంటి సగటు 20 లక్షలు. వీధి సగటు 2 కోట్లు. తీగ శక్తి 3 కోట్లు గనుక ఒక కోటి మిగులు ఉన్నదని సగటు చెప్తుంది.

కాని అయిదు ఇళ్ళలో ఒకేసారి వడి దృశ్యాలు వస్తే అవసరం 3.5 కోట్లకు చేరుతుంది. ఎవరి వీడియో వారిది, ఒకదానితో మరొకదానికి సంబంధం లేదు అనుకొంటే, అయిదు లేదా అంతకు మించిన ఇళ్ళలో ఒకేసారి ఇలా జరిగే అవకాశం నూటికి సుమారు మూడు పాళ్ళు. గంటలో రెండు నిమిషాలు. పది ఇళ్ళవారూ ఒకే పోటీని ఏకకాలంలో చూస్తున్నారనుకొంటే వడి దృశ్యం అందరికీ ఒక్కసారే వస్తుంది. అప్పుడు గంటలో పన్నెండు నిమిషాలపాటు అవసరం 6 కోట్లకు పెరుగుతుంది. రెండు సందర్భాల్లోనూ సగటు 2 కోట్లే! పలువురు పంచుకొన్నప్పుడు ఒకరి హెచ్చు మరొకరి తగ్గుతో సరిపోతుందన్న సూత్రం మంచిదే. అందరి హెచ్చూ ఒకే ఘడియలో వస్తే ఆ సూత్రం పనిచేయదు.

ఆ రెండు నిమిషాలైనా గంట అంతటా సమానంగా చల్లినట్లు రావు. ఈ సంగతిని శాస్త్రజ్ఞులు గుర్తించిన తీరు ఆసక్తికరం. అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధనశాలలో విల్ లెలాండ్, మురాద్ తక్కు, వాల్టర్ విల్లింగర్, డేనియల్ విల్సన్ అనేవారు కంప్యూటర్ నెట్‌వర్క్‌లో పోయే మూటలను ఏళ్ళ తరబడి లెక్కించి, తమ ఫలితాలను 1993లోనూ, 1994లోనూ ప్రకటించారు. టెలిఫోన్ కాలపు సిద్ధాంతం ప్రకారం క్షణాల్లో కనిపించే హెచ్చుతగ్గులు నిమిషాల లెక్కలో చదునైపోవాలి. వారు చూసిన ప్రవాహం చదును కాలేదు. సెకనులో ఎట్లా ఎగుడుదిగుడుగా ఉన్నదో నిమిషంలోనూ అట్లాగే ఉన్నది. 1994లోనే మార్క్ గారెట్, విల్లింగర్ కలసి ‘స్టార్ వార్స్’ చలనచిత్రాన్ని కుదించి, సుమారు 1,71,000 బొమ్మల బరువులను వరుసగా పరిశీలించారు. అక్కడా ఇదే స్వభావం కనిపించింది. యుద్ధఘట్టం మొదలైతే కొంతసేపు సాగుతుంది. ఆ ఘట్టంలోని బొమ్మలన్నీ బరువే. సంభాషణ ఘట్టం మొదలైతే అదీ కొంతసేపు సాగుతుంది. ఆ బొమ్మలన్నీ తేలికే. హెచ్చు వెంట హెచ్చు, తగ్గు వెంట తగ్గు గుంపులు కట్టి వస్తాయి. దీనిని దీర్ఘకాల పరాధీనత అంటారు.

ఈ గుణాన్ని కొలిచే కొలమానం కంప్యూటర్ శాస్త్రంలో పుట్టినది కాదు, నదీశాస్త్రంలో పుట్టినది. దాని పేరు హర్స్ట్ సంఖ్య. హెరాల్డ్ హర్స్ట్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఈజిప్టులో నైలునదిని అర్ధశతాబ్ది కాలం అధ్యయనం చేశాడు. మంచి ఏళ్ళలో నీరు దాచి చెడ్డ ఏళ్ళలో వదలడానికి ఎంత పెద్ద జలాశయం కావాలన్నది ఆయన ప్రశ్న. ఏటి వరదకూ ఏటి వరదకూ సంబంధం లేదనుకొంటే, 25 ఏళ్ళకు చాలిన జలాశయానికి రెట్టింపు ఉంటే 100 ఏళ్ళకు సరిపోవాలి. నైలు మొదలైన ప్రకృతి ప్రవాహాల పాత లెక్కలను పరిశీలించి ఆయన 1951లో ప్రకటించిన సగటు సంఖ్య 0.73 ప్రకారం, రెట్టింపు చాలదు, దాదాపు 2.75 రెట్లు కావాలి. కారణం ఒక్కటే: వరద ఏళ్ళు గుంపుగా వస్తాయి, కరవు ఏళ్ళూ గుంపుగా వస్తాయి. సంబంధం లేని ప్రవాహానికి ఈ సంఖ్య 0.5. వీడియో ప్రవాహానికి అంతకంటె ఎక్కువగా, 1కి చేరువగా వచ్చింది. నైలునది, నటుని ఖడ్గచాలనం ఒకే లెక్కకు లొంగాయి.

చెరువు పెంచితే చాలునా?

మూటలు పోతున్నాయి గనుక బఫర్‌ను పెద్దది చేస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజం. పైన చెప్పిన వీధినే మళ్ళీ చూడవచ్చు. అవసరం 3.5 కోట్లు, తీగ శక్తి 3 కోట్లు. సెకనుకు 50 లక్షల బిట్లు మిగిలిపోతున్నాయి. బఫర్ ఒక కోటి బిట్లు పట్టేదైతే రెండు సెకన్లలో నిండుతుంది. ఉద్ధృతి ఒక సెకనులో తగ్గితే నష్టం లేదు. అది ఇరవై సెకన్లు సాగితే, మిగిలిన పద్దెనిమిది సెకన్లలో 9 కోట్ల బిట్లు నేలపాలవుతాయి. బఫర్‌ను పది రెట్లు పెంచి 10 కోట్లు చేస్తే నష్టం ఉండదు. కాని వరుసలో చివర నిలిచిన మూట బయటపడడానికి మూడు సెకన్లకు పైగా పడుతుంది. చలనచిత్రానికి అది పెద్ద బాధ కాదు. అధ్యాపకుడు అడిగిన ప్రశ్నకు విద్యార్థిని చెప్పిన జవాబు మూడు సెకన్లు ఆలస్యంగా చేరితే పాఠం సాగదు. వైద్యుడు దూరం నుంచి రోగిని పరీక్షిస్తున్న వేళ ఆ ఆలస్యం మరింత బాధాకరం.

కనుక ఉద్ధృతులు దీర్ఘంగా సాగే ప్రవాహానికి చెరువు పెంచడం కొంతవరకే ఉపకరిస్తుంది. కాలువను వెడల్పు చేయాలి. లేదా పైనుంచి వదిలే నీటిని తగ్గించాలి. అదే వీధిలో వడి దృశ్యాలున్న అయిదు ఇళ్ళూ తమ 60 లక్షలను 50 లక్షలకు తగ్గించుకొంటే మొత్తం సరిగ్గా 3 కోట్లవుతుంది. ఒక్క మూట పోదు, ఒక్క మూట నిలువదు. బొమ్మ స్పష్టత స్వల్పంగా తగ్గుతుంది, అంతే. ఆరోవంతు త్యాగంతో అందరి పనీ సాగుతుంది.

తగ్గడం తెలిసిన యంత్రాలు

తగ్గకపోతే ఏమవుతుందో అంతర్జాలం బాల్యంలోనే చూసింది. 1986 అక్టోబర్‌లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ పరిశోధనశాలకూ, కొన్ని వందల గజాల దూరంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ నడుమ సెకనుకు 32,000 బిట్లు పారవలసిన దారిలో 40 బిట్లు మాత్రమే పారాయి. మూట అందలేదని పంపినవాడు మళ్ళీ పంపడం, దానితో రద్దీ పెరగడం, మరిన్ని మూటలు పోవడం, అవి మళ్ళీ పంపడం. తీగ తెగలేదు, తీగ నిండా మూటలున్నాయి, గమ్యానికి చేరేది లేదు. వాన్ జేకబ్‌సన్ దీనికి విరుగుడు కనిపెట్టి 1988లో ప్రకటించాడు. మూట పోయిందంటే దారిలో రద్దీ ఉన్నదని గ్రహించి పంపేవాడు వెంటనే వేగం బాగా తగ్గించాలి. దారి ఖాళీగా తోస్తే కొద్దికొద్దిగా పెంచాలి. దిగేటప్పుడు ఒక్క దుముకు, ఎక్కేటప్పుడు ఒక్కొక్క మెట్టు. ఎవరూ కాపలా లేకుండానే కోట్ల యంత్రాలు ఈ నియమాన్ని పాటించడం వల్లనే అంతర్జాలం నిలిచింది.

వీడియో కూడా ఈ మర్యాదను నేర్చుకొన్నది. ఒకే పాఠాన్ని మూడు నాలుగు నాణ్యతలలో ముందే కుదించి, కొన్ని సెకన్ల తునకలుగా కోసి ఉంచుతారు. చూసేవాని యంత్రం ప్రతి తునక రావడానికి పట్టిన కాలాన్ని గమనించి, దారి బాగుంటే తరువాతి తునకను మేలైన నాణ్యతలో, దారి ఇరుకైతే తక్కువ నాణ్యతలో అడుగుతుంది. బొమ్మ కొన్ని క్షణాలు మసకబారి మళ్ళీ తేటపడడం యంత్రలోపం కాదు. అది తగ్గి నడవడం.

2020 మార్చి 24న ఈ తగ్గుదలను దేశమంతా చూసింది. కొవిడ్ వల్ల పనులు, చదువులు ఇళ్ళకు చేరుతున్న తరుణంలో భారతదేశంలోని ప్రధాన వీడియో సంస్థలు మొబైల్ నెట్‌వర్క్‌లపై తమ ప్రసారాలను తాత్కాలికంగా 480 వరుసల నాణ్యతకు పరిమితం చేయడానికి అంగీకరించాయి. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ విద్యార్థులకు దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఈ రెండు మార్గాల భేదం గమనించదగినది. టెలివిజన్ తరంగం వానవంటిది. ఒకరు చూసినా కోటిమంది చూసినా ఆకాశంలో ఒకటే ప్రసారం. అంతర్జాల వీడియో కాలువవంటిది. ఒక్కొక్కరికి ఒక్కొక్క ధార కావాలి.

అయితే అందరూ ఒక్కటే చూసేవేళ కాలువకూ ఒక ఉపాయం ఉన్నది. 2023 నవంబర్ 19న భారత, ఆస్ట్రేలియా జట్ల మధ్య జరిగిన ప్రపంచకప్ క్రికెట్ తుదిపోటీని ఒక దశలో ఒకేసారి 5.9 కోట్ల మంది అంతర్జాలంలో చూశారు. అందరికీ ఒకే చోటినుంచి పంపడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. అందుకే వీడియో ప్రతులను దేశమంతటా నగరాల్లోని నిల్వ యంత్రాల్లో ఉంచి, చూసేవానికి దగ్గరి యంత్రం నుంచి అందిస్తారు. ప్రతి దాహానికీ కృష్ణకు పోకుండా ఊరి మంచినీటి చెరువు నుంచి తెచ్చుకొనడం వంటిది. దీనివల్ల దూరపు దారుల భారం తీరుతుంది. ఊరిలోని చివరి తీగ భారం మాత్రం తీరదు.

శివారు వాటా

ఇప్పుడు అసలు ప్రశ్న. ఊరి చివరి తీగపై ఒక ఇంటిలో క్రికెట్, మరో ఇంటిలో చలనచిత్రం, మూడో ఇంటిలో ఒక విద్యార్థిని ప్రవేశపరీక్ష పాఠం నడుస్తున్నాయి. మహోద్ధృతి వచ్చినప్పుడు ఎవరి ప్రవాహం తగ్గాలి? పాఠానికే ముందు దారి ఇవ్వాలని మనసు చెప్తుంది. ఏది పాఠం, ఏది వినోదం అన్నది నిర్ణయించే అధికారాన్ని తీగ యజమానికి ఇస్తే, అతడు రేపు తనకు డబ్బు చెల్లించినవాని వినోదానికే ముందు దారి ఇవ్వవచ్చు. అందుకే భారత ప్రభుత్వం 2018 జూలైలో ఆమోదించిన నెట్‌వర్క్ తటస్థత నియమాలు సామాన్య అంతర్జాలంలో విషయాన్నిబట్టి వివక్ష చూపరాదన్నాయి. దూరవైద్యం వంటి కీలకసేవలకూ, రద్దీని సమంజసంగా సర్దడానికీ మాత్రం మినహాయింపు ఉంచాయి. కాలువ మీద లస్కరు నీటిని పంచుతాడు. ఏ పంట గొప్పదో తీర్పు చెప్పడు.

కాబట్టి ఈ చిక్కుకు పరిష్కారం మూడు చోట్ల ఉన్నది. తీగ వేసేవాడు సగటును కాక ఉద్ధృతిని చూసి వెడల్పు నిర్ణయించాలి. శివారు ఊరిని చివరి లెక్కగా చూడరాదు. వీడియో పంపేవాడు ఇరుకులో తగ్గడం తెలిసిన పద్ధతులనే వాడాలి. చూసేవాడు తన వంతు తాను గుర్తించాలి. అరచేతిలోని చిన్న తెరపై 480 వరుసలకూ 1,080 వరుసలకూ కన్ను పట్టే భేదం తక్కువ. తీగకు పడే బరువులో భేదం ఎక్కువ. రద్దీవేళ ఒక మెట్టు తగ్గి చూడడం, చూడదలచిన పాఠాన్ని తెల్లవారుజామున దించుకొని ఉంచుకొనడం తూమును అవసరం మేరకే ఎత్తడం వంటివి.

నందివాడ రైతు తన మడి నిండగానే తూము దించుతాడు. దిగువన మరొక మడి ఉన్నదని అతనికి తెలుసు. తెర ముందు కూర్చున్నవానికి దిగువ మడి కనిపించదు. కనిపించని ఆ శివారును తలచుకోగలగడమే ఈ కొత్త కాలువకు కావలసిన చదువు.

కఠిన పదాలు – అర్థాలు

ఉద్ధృతి : వేగంతో కూడిన పొంగు
శివారు : ఊరి లేదా కాలువ చివరి భాగం
తూము : కాలువ నుంచి నీరు వదిలే దారి
బోదె : పొలానికి నీరు తెచ్చే చిన్న కాలువ
లస్కరు : కాలువపై నీటి పంపకాన్ని చూసే ఉద్యోగి
వివిక్తం : విడివిడిగా ఉన్నది
పరాధీనత : మరొకదానిపై ఆధారపడి ఉండడం
తటస్థత : ఏ పక్షమూ వహించకపోవడం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ‘కట్టను పరీక్షించేది సగటు కాదు, ఉద్ధృతి’ అన్న మాటను పది ఇళ్ళ ఉదాహరణతో సమర్థించండి.
2. రద్దీవేళ దృశ్యప్రవాహాన్ని సర్దే ఉపాయాలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. సమాసానికీ వీడియో కుదింపుకూ గల పోలికను, భేదాన్ని తెల్పండి.
2. నైలునది పరిశీలన వీడియో అధ్యయనానికి ఎట్లా ఉపకరించింది?
3. బఫర్‌ను పెంచడం వల్ల కలిగే లాభనష్టాలేవి?
4. టెలివిజన్ ప్రసారాన్ని వానతోనూ, అంతర్జాల వీడియోను కాలువతోనూ పోల్చడంలోని ఔచిత్యమేమి?

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. కె.ఆర్. రావు పూర్తి పేరేమి?
2. సంపూర్ణ చిత్రం అంటే ఏమిటి?
3. ‘స్టార్ వార్స్’ చిత్రాన్ని కుదించి పరిశీలించినవారెవరు?
4. వాన్ జేకబ్‌సన్ తన విరుగుడును ఏ సంవత్సరంలో ప్రకటించాడు?

IV. కింది పదాలను విడదీసి సంధి నామం తెల్పిన తీరు గమనించండి. పాఠం నుంచి మరో మూడు పదాలను ఎంచి ఇట్లే రాయండి.
జలాశయం = జల + ఆశయం – సవర్ణదీర్ఘ సంధి
మహోద్ధృతి = మహా + ఉద్ధృతి – గుణ సంధి
అత్యధికం = అతి + అధికం – యణాదేశ సంధి

V. కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి సమాస నామం తెల్పండి.
దృశ్యప్రవాహం, హెచ్చుతగ్గులు, మూడు సెకన్లు, లాభనష్టాలు

VI. భాషా కార్యకలాపం
మీ ఊరిలో నీరు, దారి, విద్యుత్తు వంటి ఉమ్మడి వనరుల్లో ఒకదానిని ఎంచుకొని, దాని రద్దీవేళలను ఒక వారంపాటు గమనించి, సగటుకూ ఉద్ధృతికీ గల భేదాన్ని ఒక పుటకు మించకుండా రాయండి.